గంగాళం ఇచ్చేసిందా, వదినా?

చివరికి నీ గది కిటికీ కూడా మూయించేశారు వదినా, మీ తమ్ముడు. కిటికీ ఉంటే గోడ మధ్యలో తెగిపోతుందట. ఈ గోడ నుంచి ఆ గోడకి, నేల నుంచి కప్పుకి, అరలన్నీ ఒకే వరసన సాగాలట. గాలి ఎటునుంచి వస్తుందండీ అని అడిగితే, పుస్తకాలకి గాలెందుకే అన్నారు.

నిజమేలే. ఈ గదిలో ఇప్పుడు ఊపిరి పీల్చేవాళ్ళెవరున్నారు గనక?

మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని కూర్చున్నాను. ఆ స్విచ్చుదీ ఓ భాగోతం. బోర్డు ఉన్న చోటికే అర వచ్చింది. "బోర్డు పక్కకి జరిపిద్దాం సార్" అన్నాడు వడ్రంగి. మళ్ళీ కరెంటు పనివాణ్ణి ఎక్కడ పిలుస్తామని, వెనక చెక్కకి చెయ్యి పట్టేంత కంత పెట్టించారు ఈయన. ఇక లైటు కావాలంటే అరలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, చీకట్లో చిల్లర వెతుక్కున్నట్టు తడుముకోవాలి. నువ్వుంటే కడుపు పట్టుకుని నవ్వేదానివి. "పిల్లా, వీడు కొలిచింది కొలిచినట్టే ఉంటుంది, కట్టింది మాత్రం కట్టినట్టుండదే" అనేదానివి.

నా జుట్టంతా నెరిసినా నీకు నేను పిల్లనే. ఇప్పుడు ఆ పిలుపు పిలిచే నోరు లేదు. పిలుపు పోతే ఏమిటిలే, పని ఆగుతుందా?

నీ మంచం డాబా మీద నీళ్ళ ట్యాంకు కింద ఉంది. చెప్పకపోతే బాగుండదని చెబుతున్నాను. అరల లోతుకి అడ్డమట. నలుగురు పట్టుకుని మెట్లెక్కించారు. ఒక కోడు గుమ్మానికి తగిలి సున్నం రాలింది. నేనే ఊడ్చాను. అందుకే కింద కూర్చున్నాను, చాప వేసుకుని. జిగురు వాసన ఇంకా పోలేదు. నీ తలనూనె వాసన ఉండేది ఈ గదిలో, అదెప్పుడు పోయిందో గమనించలేదు.

ఏడ్చావా అని అడుగుతావు, తెలుసు. లేదు వదినా. రాలేదు. పన్ను పీకించుకునే ముందు సూది వేస్తారు చూడు, దవడ ఉన్నట్టే ఉంటుంది, తాకితే మాత్రం ఎవరిదో అనిపిస్తుంది. నేనంతా అలాగే ఉన్నాను. తింటున్నాను, దీపం పెడుతున్నాను, దణ్ణం పెడుతున్నాను. దేవుడు కూడా అటువైపు తిరిగి కూర్చున్నట్టుంది. ఆయన్నీ ఏమీ అనలేను. ఎంతమందికని జవాబు చెబుతాడు?

నువ్వు పోయాక వచ్చినవాళ్ళందరూ మీ తమ్ముడి చేతులు పట్టుకున్నారు. తోడబుట్టినవాడు కదా, రక్తం కదా. పట్టుకోవద్దని నేననను. నా దగ్గరికొచ్చిన పక్కింటావిడ ఏమందో తెలుసా? "ఇకనైనా నీకు కాస్త పని తగ్గుతుందిలే." మంచి మనసుతోనే అంది. నేనూ తలూపాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా. మరి ఆ అర్ధమొగుడు పోయిన ఆడదాన్ని ఏమంటారో ఎవరికీ తెలియదు. దానికి పేరు లేదు. పేరు లేకపోతే ఓదార్పూ లేదు.

ఈ అరల గొడవ ఎలా మొదలైందనుకున్నావు? వచ్చినవాళ్ళలో ఎవరో అన్నారు, "ఆవిణ్ణి చేతిలో పుస్తకం లేకుండా ఎప్పుడైనా చూశామా?" అని. అంతే. ఇంకొకరు అవునన్నారు. మరొకరు సరస్వతి అన్నారు. మూలన తల వంచుకుని కూర్చున్న మీ తమ్ముడు తలెత్తారు. "మా అక్క పేరున ఇంట్లో గ్రంథాలయం కట్టిస్తాను. ఆవిడ గదిలోనే. పుస్తకాలన్నీ ఒక చోట చేరుస్తాను" అన్నారు.

నీ గది గడప దాటి ఆయన లోపలికి వచ్చింది నువ్వు లేవని ఆ పొద్దునే వదినా. అంతకు ముందు గుమ్మం దగ్గర నిలబడి "అక్కా, మందేసుకున్నావా" అనడమే. నీ పుస్తకాలు ఎన్నో, ఏమిటో, ఆయనకేం తెలుసు? చేతిలో ఎప్పుడూ ఒకటి ఉండేది కాబట్టి వేలకు వేలు ఉంటాయనుకున్నారు. రోజూ అన్నం తింటున్నాడు కదా, ఇంట్లో గాదెలుంటాయి అనుకున్నట్టు.

టేపు బయటికి తీశారు. సర్వే ఆఫీసు వాళ్ళిచ్చిన పాతది, తుప్పు పట్టినా వదలరు కదా. గోడ కొలిచారు, కప్పు కొలిచారు, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో కొలిచారు. వడ్రంగి కొలిచినదాన్ని మళ్ళీ కొలిచారు. "సార్, నేను చెక్క కొలుస్తున్నాను, పొలం కాదు" అని అతను మొత్తుకున్నాడు. "పొలమైతే గట్టు జరుపుకోవచ్చు, గోడని జరుపుతావా?" అని ఈయన గద్దింపు. జీవితమంతా ఊళ్ళవాళ్ళ భూములు కొలిచిన మనిషి, పుస్తకాలు మాత్రం ఒక్కసారి లెక్కపెట్టి చూడలేదు.

నువ్వెందుకు చెప్పలేదే అంటావా?

అన్నం తింటున్నారు వదినా. నువ్వు పోయాక కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవారు. ఆ టేపు పట్టుకున్న రోజున రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. నడుం నిటారుగా పెట్టి నడిచారు. "పై అరకి నిచ్చెన కావాలేమో కదే" అని నన్నే సలహా అడిగారు. నలభై ఏళ్ళ కాపురంలో నా సలహా అడిగింది అదే మొదలు. ఆ నోటికాడి కూడు ఎలా లాగను చెప్పు? కావాలండీ, నిచ్చెన కావాలి అన్నాను.

పనయ్యాక వడ్రంగి అన్నాడు, "పుస్తకాలు తెండి సార్, బరువుకి చెక్క వంగుతుందేమో చూసి కింద ఊతానికి చెక్కబద్దలు బిగిస్తాను."

తెచ్చారు. నీ ట్రంకు పెట్టె తెచ్చారు. మంచం కింద నుంచి తీసి వరండాలో పెట్టినవి తెచ్చారు. వంటింట్లో పప్పుడబ్బాల వెనకవి నేనే తెచ్చిచ్చాను. అన్నిటికీ గోధుమరంగు కాగితం అట్టలు, నువ్వేసినవే, మూలలు మడిచి, పిండిజిగురుతో అంటించి. పెట్టారు. పెడుతూనే ఉంటారు అనుకున్నాను, అయిపోయాయి.

ఒక అర నిండింది. రెండోదాంట్లో సగం.

వడ్రంగి నావంక చూశాడు. నేను నేలవంక చూశాను.

"ఇంకో పెట్టె ఉందా సార్?"

"ఉంటాయి! ఎందుకుండవు? మా అక్క పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చదువుతూనే ఉంది!" ఈయన నావైపు తిరిగారు. "ఏమేవ్, మిగతావి ఎక్కడ పెట్టుకునేది?"

"అంతేనండీ."

"అంతే అంటే?"

"అంతే."

వడ్రంగి పాపం, మంచివాడు, నోరే ఊరుకోదు. "పోన్లెండి సార్, మిగతా అరల్లో అమ్మగారు గిన్నెలు సర్దుకుంటారు" అన్నాడు. ఈయన నవ్వలేదు. అతని పీట మీదే కూలబడ్డారు, రంపంపొట్టు మీద. ఒక్కో ఖాళీ అరనీ వేలితో లెక్కపెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు:

"మరి ఇన్నేళ్ళూ ఏం చదివిందే?"

నన్నడిగారు వదినా. నేనేం చెప్పను?

మర్నాడు పాత కాగితాల కొట్టుకి వెళ్ళారు. తూకానికి కొనుక్కొచ్చారు. కొట్టువాడు ఏ పుస్తకాలు కావాలి అని అడిగితే, "లావుపాటివి" అన్నారట. పన్నుల చట్టాలు, పశువుల జబ్బులు, ఎవరివో పరీక్షల గైడ్లు, ఒక టెలిఫోను డైరెక్టరీ కూడా ఉంది, దేవుడా, ఇప్పుడు ఆ నంబర్లలో ఎవరు పలుకుతారు? అంతటితో ఆగారా? వరండాలో కూర్చుని అన్నిటికీ గోధుమ కాగితం అట్టలేస్తున్నారు. నీలాగే, మూలలు మడిచి. వేలు కోసుకున్నారు, కట్టు కట్టాను. "అట్టలేస్తే అన్నీ అక్కవే కదే" అన్నారు. నాకు చెప్పినట్టు లేదు, తనకే చెప్పుకున్నట్టుంది.

ఇప్పుడు ఆఖరి విడత కోసం మళ్ళీ కొట్టుకి వెళ్ళారు. రేపు పొద్దున అందరూ వస్తారు చూడ్డానికి. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి ఇంకోసారి అడిగారు. "నిజం చెప్పు. ఆవిడది ఇంకొకటైనా లేదూ? ఒక్కటైనా?"

లేదండీ అన్నాను.

అప్పుడే దీపం పెట్టి, ఒత్తి సరిచేస్తున్నాను. దేవుడి ఎదురుగా నిలబడి అబద్ధమాడాను. ఆ దీపం వెనకే ఉంది, ఉతికిన గుడ్డలో చుట్టి. ఇదిగో, ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. నువ్వు ఆఖరిరోజు చదివింది. నీ తలపిన్ను ఇంకా దీంట్లోనే ఉంది, ఆపిన చోట.

గంగాళం మనిషి కథ.

ఈ ఇంటికి నేను కొత్తగా వచ్చిన రోజులు గుర్తున్నాయా? వంటింట్లో పొయ్యివైపు తిరిగి ఏడ్చేదాన్ని, ఎవరికీ కనపడదని. నువ్వు గుమ్మం దగ్గర పీటేసుకుని కూర్చున్నావు, చేతిలో పుస్తకం. "నీ ఏడుపు నాకు విసుగ్గా ఉంది పిల్లా. ఇది విను" అన్నావు. చదవడం మొదలెట్టావు. నేను బియ్యం ఏరుతూ విన్నాను. అలా మొదలైంది. నేను తరుగుతుంటే, రుబ్బుతుంటే, అంట్లు తోముతుంటే నువ్వు చదివేదానివి. పెద్దాడికి తట్టు పోసినప్పుడు ఏనుగు పెళ్ళికి పోయిన కథ. అత్తగారు మంచాన పడ్డప్పుడు దొంగని పెంచుకున్న పోలీసువాడి భార్య కథ. మామగారు పోయిన ఏడు మాత్రం ఏం చదివావో గుర్తు లేదు. కాదు, ఉంది. ఉప్పు అమ్ముకునే అక్కాచెల్లెళ్ళు. చూశావా, ఈ ఇంట్లో ఏం ఎప్పుడు జరిగిందో నాకు ఆ కథలతోనే జ్ఞాపకం.

నన్ను ముట్టుకోనిచ్చేదానివి కాదు. "తడిచేతులతో పుస్తకం పట్టుకోకు" అనేదానివి. నా చేతులు ఎప్పుడు పొడిగా ఉన్నాయి గనక? ఒకసారి మా అమ్మాయి అడిగింది, "అత్తా, ఈ పుస్తకం పేరేంటి?" అని. "పుస్తకానికి పేరెందుకే? బడికి పోతుందా?" అన్నావు.

గంగాళం మనిషి అందరికంటే నచ్చింది నాకు. ఒకావిడ, ఇంట్లో పెళ్ళికని ఎవరిదగ్గరో పెద్ద గంగాళం అరువు తెస్తుంది. ఇవ్వడం కుదరదు. వాళ్ళు ఊరు మారిపోతారు. పిల్లలు పెద్దవాళ్ళై, ఇల్లు ఖాళీ అయ్యాక, ఒక పొద్దున దాన్ని నెత్తిన పెట్టుకుని ఇచ్చేయడానికి బయల్దేరుతుంది. బస్సులో కండక్టరు దానికీ టికెట్టు అడుగుతాడు. వానొస్తే దాని కింద తనూ ఒక మేకపిల్లా తలదాచుకుంటారు. ఒక ఊళ్ళో అప్పుడే పుట్టిన బిడ్డకి దాంట్లోనే స్నానం పోస్తారు. ఇంకో ఊళ్ళో ఒక ఆఫీసరు దాన్ని అడ్డంగా కొలిచి, నిలువుగా కొలిచి, "దీని లోపల ఉన్న ఖాళీ ఎవరిది?" అని నిలదీస్తాడు. ఎంత నవ్వాం ఆ రోజు! "ఏమిటా ఇకఇకలు?" అని వరండాలోంచి మీ తమ్ముడు కేకేస్తే, ఆ ఆఫీసరే కేకేశాడనుకుని మళ్ళీ నవ్వాం.

చివరికి ఆ వీధి దొరికింది. ఇల్లూ దొరికింది. గంగాళం దించి, చెమట తుడుచుకుని, తలుపు కొట్టింది. లోపల ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. చెప్పులు ఈడ్చుకుంటూ, మెల్లగా. తలుపు దగ్గర ఆగింది.

నువ్వు దగ్గావు. తలపిన్ను తీసి పేజీలో పెట్టావు. "రేపు, పిల్లా. గొంతారిపోయింది."

చావడం ఎలాగూ చచ్చావు, ఆ తలుపు తీయించి చావొచ్చుగా.

తప్పు తప్పు. నోరు జారింది. దేవుడు వినకుండా ఉండుగాక.

కానీ అదే వదినా నా బాధ. బాధ అనకూడదేమో, బాధైతే తెలిసేది. నువ్వు లేవని పొద్దున నిన్ను తట్టి లేపుతూ నేననుకున్న మొదటి మాట ఏమిటో తెలుసా? అయ్యో, తలుపు తీశారో లేదో. ఇంతమంది ఇంత ఏడ్చారు, నేను మాత్రం ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ ఇంటావిడ గుర్తుపట్టిందా? ఇన్నేళ్ళు వాడుకున్నావేమే అని తిట్టిందా? పోన్లే ఉంచుకో అందా? లోపలికి రమ్మందా?

నిన్న ఆయన కొట్టుకి వెళ్ళగానే చేతులు తుడుచుకున్నాను. బాగా తుడుచుకున్నాను, పొడిగా. తలపిన్ను ఉన్న చోట తెరిచాను.

"మోటారు తిరుగుచున్నను నీరు రానిచో, గొట్టములో గాలి చేరెనేమో ముందుగా చూడవలెను."

వెనక్కి తిప్పాను. నీటి మోటార్లు. ముందుకి తిప్పాను. బొమ్మలు, గొట్టాలు, బోల్టులు. అట్ట విప్పి చూశాను. నీటి మోటార్ల మరమ్మతు.

అరలో ఉన్నవీ తీసి చూశాను. ఏనుగు పెళ్ళి పాత రైళ్ళ వేళల పుస్తకం. దొంగ కథ కోళ్ళ పెంపకం. ఉప్పు అమ్మే అక్కాచెల్లెళ్ళు ఉన్నదాంట్లో చక్రవడ్డీ లెక్కలు. అన్నీ మళ్ళీ అట్టల్లో దూర్చి, ఎక్కడివక్కడ పెట్టేశాను.

ఇన్నేళ్ళూ ఏం చదివిందే అని కదా అడిగారు మీ తమ్ముడు. ఏమీ చదవలేదండీ అని చెప్పనా? గోడంతా కట్టించారు, కిటికీ మూయించారు, ఆవిడ కథల్లో ఒక్కటీ ఈ అరల్లోకి రాదండీ అని చెప్పనా? రేపు అందరి ముందూ నన్నే మాట్లాడమన్నారు. "ఏ పుస్తకంలో ఏముందో నీకొక్కదానికే తెలుసు, నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. అవును, నాకొక్కదానికే తెలుసు. ఏనుగునీ, దొంగనీ, మేకపిల్లనీ నేను తప్ప ఎరిగినవాళ్ళెవరూ లేరు. నాకు చెప్పడం రాదు. తరగడం వచ్చు, వినడం వచ్చు.

రేపు నిలబడి, మా వదిన బాగా చదివేది అంటాను. అబద్ధం కాదుగా? తర్వాత అందరికీ కాఫీలిస్తాను. ఆయన రెండు పూటలా తింటారు. అంతే.

నీకొక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఈ మోటార్ల పుస్తకం చూసి నేను ఆశ్చర్యపోయాననుకుంటున్నావేమో. లేదు వదినా. నాకెప్పుడో తెలుసు. వాన పట్టిన సాయంత్రం ఒకటి, నువ్వు చదువుతున్నావు, నేను దొండకాయలు తరుగుతున్నాను. కరెంటు పోయింది. వంటింట్లో చెయ్యి పెడితే చెయ్యి కనపడలేదు. నువ్వు ఆగలేదు. చదువుతూనే ఉన్నావు. ఒక్క మాట తడబడలేదు. పైగా చీకట్లో పేజీ తిప్పావు. ఆ కాగితం చప్పుడు విన్నాను.

నేను తరగడం ఆపలేదు. ఆపితే నీకు తెలిసిపోతుందని. తెలిస్తే పుస్తకం మూసేస్తావని.

తెలిసీ నిన్న ఎందుకు తెరిచావే అంటావా?

ఏమో. ఈ ఒక్కటైనా నిజంగా పుస్తకంలోదేమో అనుకున్నాను.

వీధిలో బండి చప్పుడు వినపడుతోంది, మీ తమ్ముడే అయ్యుంటారు. ఇదిగో, దీన్ని కూడా అరలో పెట్టేస్తున్నాను. దీపం వెనక దాచినంత మాత్రాన గొట్టాలు కథలవుతాయా? స్విచ్చు కంత పక్కన పెడుతున్నాను. సరిగ్గా పట్టింది, కొలిచినట్టు. తలపిన్ను మాత్రం నా జడలో పెట్టుకున్నాను.

లైటు తీసేస్తున్నాను వదినా. కిటికీ కూడా లేదు, బాగా చీకటిగా ఉంది. నీకు చీకటి అడ్డం కాదుగా. తలుపు దగ్గర ఆపావు. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి ఆగారు. ఊఁ.

ఊఁ, వదినా.

సరేలే. పిండి ఉడకబెట్టాలి. ఆయనకి అట్టలకి జిగురు కావాలట.